కవర్ల తూకం, కమిటీల పని

నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ ప్లాస్టిక్ కవర్ల మాట ఎత్తితే వాదన నిషేధం పెట్టాలా వద్దా అన్నచోటే తిరుగుతుంది. ఆ సంగతి ఎప్పుడో తేలింది. 2021లో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పల్చటి క్యారీ బ్యాగు తయారుచేయకూడదు, అమ్మకూడదు, వాడకూడదు. 2022 జూలై 1 నుంచే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్ట్రాలు కూడా బంద్. ఇక కార్పొరేషన్ కౌన్సిల్ తేల్చాల్సింది మూడే: మందం ఎవరు చూస్తారు, సరుకు ఎక్కడ ఆపుతారు, డివిజన్ (వార్డు) కమిటీకి ఏ పని అప్పజెప్తారు.

మందం కొలిచే గేజి లేకపోయినా కొట్లో కాటా చాలు. పది అంగుళాల వెడల్పు, పద్నాలుగు అంగుళాల పొడవున్న కవరు 120 మైక్రాన్లదైతే సుమారు 20 గ్రాములు తూగాలి. అంటే కిలోకి యాభై. అదే సైజు కవర్లు కిలోకి మూడు వందలు వస్తున్నాయంటే మందం 20 మైక్రాన్ల దగ్గర ఉన్నట్టు. పిడి కోసినచోట కొంత తగ్గుతుంది, పక్క మడతలుంటే పెరుగుతుంది. కాబట్టి తూకం అనుమానానికే ఆధారం, జరిమానాకి గేజితో కొలవాల్సిందే. కవరు మీద తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మందం అచ్చయి ఉండాలి, లేదా ఆ వివరాలు చూపే బార్‌కోడో క్యూఆర్ కోడో ఉండాలి. ఇవేవీ లేకపోతే ఇంకో పరీక్ష అక్కర్లేదు.

గుడ్డసంచి అని అంటగట్టే నాన్-ఓవెన్ సంచి (నేయకుండా ప్లాస్టిక్ పోగుల్ని అతికించి చేసేది) కూడా ప్లాస్టిక్కే. చిన్న ముక్కకి నిప్పు తగిలిస్తే కరిగి ముద్దవుతుంది. అది చదరపు మీటరుకి 60 గ్రాములకి తగ్గకూడదు.

తనిఖీలు ఎక్కువగా తోపుడుబండ్ల దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే బండి రోడ్డు మీద కనిపిస్తుంది, హోల్‌సేల్ గోడౌన్ కనిపించదు. పూలమ్మి దగ్గర అరకిలో కవర్లు లాక్కుంటే సాయంత్రానికి ఆమె మళ్లీ కొనుక్కుంటుంది. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు తాగేవాళ్లని నిలదీసి ఊరుకోలేదు, సారా వేలంపాటలనే అడ్డుకున్నారు. ఆ పట్టు ఇక్కడా కావాలి.

జనాభా మూడు లక్షలు, ఆపైన ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలుండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణమే చెబుతోంది. నెల్లూరు ఆ లెక్కలోకి వస్తుంది. ఒంగోలుకి 2011 లెక్కల ప్రకారం ఆ నిర్బంధం లేదు, కౌన్సిల్ తనంతట తీర్మానం చేసుకోవాలి. కమిటీలో పొదుపు సంఘాల మహిళలు, ఇద్దరు కొట్లవాళ్లు, ఒక పారిశుధ్య కార్మికుడు, వార్డు శానిటేషన్ కార్యదర్శి ఉంటే చాలు. ఏ కాలువ తూము ఏ కవర్లతో పూడుతోందో కార్మికుడికి తెలిసినంత ఎవరికీ తెలియదు. జరిమానా వేసే అధికారం మాత్రం కమిటీకి ఇవ్వొద్దు. ఇస్తే ఇరుగుపొరుగు పగలు మొదలవుతాయి, నెలలోపే సభ్యులు రావడం మానేస్తారు. కొట్టు పేరు, తూకం, తేదీ, సరుకు ఏ హోల్‌సేలర్ దగ్గర కొన్నదీ రిజిస్టర్లో రాయడం కమిటీ పని. చలానా అధికారుల పని. ఒకే హోల్‌సేలర్ పేరు మళ్లీ మళ్లీ వస్తే అక్కడికే వెళ్లాలి.

చిక్కంతా తడి సరుకు దగ్గరే: చేపలు, రొయ్యలు, మాంసం, హోటల్ సాంబారు. గుడ్డసంచి వీటికి పనికిరాదు, మూతున్న స్టీలు డబ్బా కావాలి. డబ్బాతో కలిపి తూస్తారేమోనని కొనేవాళ్లు జంకుతారు. ఖాళీ డబ్బా కాటా మీద పెట్టి టేర్ బటన్ నొక్కి, సున్నా చూపించాకే సరుకు వేయాలని మార్కెట్లో ప్రతి కాటా పక్కన బోర్డు రాయించాలి.