రౌటర్‌కి అన్ని కొమ్ములెందుకు?

అమలాపురంలో మా మేనత్త ఇంట్లో కొత్త రౌటర్ పెట్టగానే ఆవిడ అడిగింది, "దీనికి నాలుగు కొమ్ములెందుకురా?" అని. దూరం కోసమే అనుకుంటారు చాలామంది, అసలు సంగతి వేరు. సిగ్నల్ గోడలకీ ఇనుప బీరువాకీ తగిలి రకరకాల దారుల్లో వస్తుంది, ఆ అలలు ఒకదాన్నొకటి చంపేసుకున్న చోట ఫోన్ చతికిలపడుతుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ అల పొడవు సుమారు 12 సెంటీమీటర్లే కాబట్టి, నాలుగు వేళ్ల దూరంలో ఉన్న ఇంకో కొమ్ముకి (అదే, యాంటెన్నాకి) అదే సిగ్నల్ బాగా అందొచ్చు. పాత రౌటర్లు రెండింట్లో మెరుగైనదాన్ని ఎంచుకునేవి, అంతే. 2009లో వచ్చిన 802.11ఎన్ అనే వైఫై ప్రమాణం నుంచి ఆ వేర్వేరు దారుల్నే వాడుకుని ఒకే ఛానెల్లో ఒకేసారి రెండు మూడు డేటా ప్రవాహాలు పంపుతున్నారు, కాలవ ఒకటే, పడవలు మూడు (ఫోన్‌లోనూ అన్ని యాంటెన్నాలు ఉండాలి లెండి).

అత్త అంతా విని, "అయితే పెరట్లో కొబ్బరిచెట్ల కింద వస్తుందా?" అంది. రాలేదు.