ఎక్లిప్స్ 500 పక్కన కాసేపు

నిన్న ఎయిర్ షోలో ఎక్లిప్స్ 500 దగ్గర నిలబడిపోయాను. ఆరు సీట్ల జెట్. బాగా వంగితే గానీ లోపలికి వెళ్లలేం. చాలాచోట్ల రివెట్ల బదులు రాపిడి వేడితో రేకుల్ని అతికించారు, ఖర్చు తగ్గాలని. ఆ రేకుని చేత్తో నిమిరాను, ఎంత నున్నగా ఉందో!

2002లో తొలిసారి ఎగిరింది. అప్పుడు పెట్టిన ఇంజన్లు పనికిరాలేదు. ఇంజన్ మారిస్తే బరువు మారుతుంది, లెక్కలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. ఈలోగా జీతాలు ఆగవు కదా! ఎగరడానికి తగినదన్న ప్రభుత్వ సర్టిఫికెట్ 2006లో వచ్చింది, 2008లో కంపెనీ దివాలా తీసింది. మొదట్లో ఒక్కో జెట్‌ని పది లక్షల డాలర్లలోపే ఇస్తామన్నారు. ఏటా వందల్లో అమ్మితేనే గిట్టుబాటయ్యే ధర అది. కొన్నవాళ్ల చేతికందినవి మొత్తం సుమారు 260.

తయారుచేసినవాళ్లని తలుచుకుంటే గుండె బరువెక్కింది. అది మాత్రం ఇంకా ఎగురుతోంది.