హిమాలయన్ బైకు ఎత్తు తగ్గించుకున్నాను: ఎవరూ చెప్పని సైడ్ స్టాండు గొడవ (నా అనుభవం)

బండి మొన్ననే పూర్తిగా నా చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, బరువు 200 కిలోలకి దగ్గర. విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్లో ఆగిన ప్రతిసారీ టెన్షనే, ఎందుకంటే కాలివేళ్లు మాత్రమే నేలకి తగిలేవి, ఆ వేళ్ల కింద చిన్న గుంట ఉన్నా చాలు, బండి బరువంతా నా మీదకి వచ్చేసేది.

ముందు సీటు కవర్లు కుట్టే ఆయన దగ్గర ఫోమ్ చెక్కించాను, సాయంత్రానికల్లా పని అయిపోయింది. అందరూ సీటు ఎత్తు గురించే అడుగుతారు గానీ, తొడల మధ్య సీటు వెడల్పు తగ్గితేనే కాళ్లు తిన్నగా కిందికి దిగుతాయి. ఇంత చేసినా మడమలు ఆనలేదు. వెనక ప్రీలోడ్ (అంటే సస్పెన్షన్ స్ప్రింగుని ముందే బిగించి ఉంచే బిగువు) పూర్తిగా వదిలెయ్యమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, వినకండి. కాస్త దిగినట్టే ఉంటుంది గానీ పెద్ద గుంతలో పడితే సస్పెన్షన్ అడుక్కి తగిలి నడుము అదిరిపోతుంది.

ఈ బండికి వెనక మోనోషాక్‌కీ (ఒకే ఒక్క షాక్ అబ్సార్బర్) చక్రానికీ మధ్య లింకేజీ, అంటే రెంటినీ కలిపే లివర్ల అమరిక ఉంటుంది. అందులో రెండు లింకు పట్టీలు కాస్త పొడుగువి వేస్తే వెనక భాగం దిగుతుంది. పట్టీ కొద్ది మిల్లీమీటర్లు పెరిగినా సీటు దగ్గర అంతకంటే బాగా ఎక్కువ తగ్గుతుంది. వెనక ఎంత దిగిందో దాదాపు అంత ముందు కూడా దించాలి. అంటే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలని, వాటిని బిగించి ఉంచే క్లాంపుల్లోంచి పైకి జరపాలి. వెనక ఒక్కటే దించితే ముందు చక్రం తేలికైపోయి హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది. ఇదంతా ముందే చదువుకుని వెళ్లాను.

వెళ్లింది మోడిఫికేషన్లకి బాగా పేరున్న ఒక షాపుకి. పేరు రాయను. అక్కడ పది మంది కుర్రాళ్ల ముందు షాపతను నన్ను బండెక్కి కూర్చోమన్నాడు. నా కాళ్లు వేలాడుతుంటే ఫోన్‌లో వీడియో తీశాడు. "అన్నా, ఎత్తుకి తగ్గ బండి కొనుక్కోవాలి కదా" అన్నాడు. అందరూ నవ్వారు. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నవాణ్ణి, మారేడుమిల్లి ఘాట్ వానలో దిగినవాణ్ణి. డబ్బులిచ్చి పని చేయించుకోవడానికి వచ్చిన మనిషిని అలా నిలబెట్టడం ఏం మర్యాద? ఎత్తు మనం కోరి తెచ్చుకున్నది కాదు. అప్పుడే వచ్చేయాలనిపించింది గానీ అడ్వాన్సు ఇచ్చేసి ఉన్నాను.

పట్టీలు బానే వేశాడు, ఫోర్కు బానే జరిపాడు. సీటు ముప్ఫై మిల్లీమీటర్లు దిగింది. రెండు పాదాల ముందు భాగాలూ గట్టిగా ఆనాయి. కానీ సైడ్ స్టాండు వేసి చూస్తే బండి దాదాపు నిటారుగా నిలబడింది. కారణం తేలికే. బండి దిగింది, స్టాండు పొడవు మాత్రం అంతే ఉంది, కాబట్టి ఎడమకి వాలాల్సినంత వాలదు. ఇదేంటని అడిగితే "అది ప్రాబ్లం కాదన్నా, కొంచెం చూసి పార్క్ చేసుకుంటే చాలు" అన్నాడు. మర్నాడు టిఫిన్ సెంటర్ ముందు చూసే పార్క్ చేశాను. పక్కనుంచి లారీ వెళ్లిన ఊపుకి బండి కుడివైపు పడిపోయింది. అద్దం, బ్రేకు లివరు విరిగాయి, క్రాష్ గార్డు వంగింది. షాపుకి వెళ్తే "పార్కింగ్‌కి మాది పూచీ కాదు" అన్నాడు. కాళ్లు వేలాడటం వీడియో తీసినవాడికి, స్టాండు తగ్గించాలన్న విషయం మాత్రం గుర్తుకు రాలేదు!

చివరికి ఆటోనగర్‌లో ఒక లేత్, వెల్డింగ్ పెద్దాయన ఈ చిక్కు విప్పాడు. టైర్ల కింద చెక్కలు పెట్టి, స్టాండు మాత్రం నేల మీదే ఉంచి, బండి సరిగ్గా పాతలాగా వాలేదాకా చెక్కలు పెంచుకుంటూ పోయాడు. ఆ చెక్కల మందం ఎంతో, స్టాండు ఇంచుమించు అంత తగ్గించాలన్నమాట. ముందు కాస్త తక్కువే కోశాడు, ఎక్కువ పోతే బండి మరీ వాలిపోయి లేపలేమని. స్టాండు విప్పదీసి మధ్యలో తిన్నగా ఉన్నచోట కోసి, లోపల కడ్డీ పెట్టి చుట్టూ వెల్డింగ్ చేశాడు. కింద పాదం రేకు కోణం కూడా సరిచేశాడు, లేకపోతే అంచు మీద నిలబడి తారులో దిగిపోతుందట. స్ప్రింగూ, స్టాండు దించి ఉంటే ఇంజన్ ఆపేసే స్విచ్చూ పనిచేస్తున్నాయో లేదో నా ముందే చూశాడు. నన్ను ఒక్కసారి కూడా ఎగాదిగా చూడలేదు. అడిగిన కూలి చాలా తక్కువ, నేనే ఎక్కువిచ్చాను. ఎవరైనా బండి మీదే ఉంచి వెల్డింగ్ చేస్తానంటే మాత్రం వద్దనండి, కనీసం బ్యాటరీ వైర్లు తీయించండి.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. ఫ్యాక్టరీలో 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉండేది, అందులో కొంత పోయింది, రాళ్ల దారిలో ఇంజన్ కింది ప్లేటు అప్పుడప్పుడు తగులుతోంది. సెంటర్ స్టాండు ఎక్కించడం కష్టమైంది. వెనక చక్రాన్ని ఒక పలక మీదకి ఎక్కించాక లాగితే సులువుగా వస్తుంది. హెడ్‌లైట్ ఎటు పడుతోందో మళ్లీ చూసుకోవాలి. చైను బిగువు మనిషి కూర్చున్నప్పుడు కొలిపించండి. ఫ్రేమ్ కోస్తానన్నవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండొద్దు. తీసిన పాత పట్టీలు, బోల్టులు అడిగి తెచ్చుకోండి, బండి అమ్మేటప్పుడు మళ్లీ వేయించొచ్చు. కొత్త లింకు బోల్టుల్ని కొన్నాళ్లు తిరిగాక టార్క్ రెంచితో (ఎంత బిగువు కావాలో అంతే బిగించే స్పానర్) ఇంకోసారి బిగించమనండి. నాకు అందులో ఒకటి వదులుగానే దొరికింది.