పెరట్లో కోయి కొలను: తవ్వేముందు వేసుకోవాల్సిన లెక్కలు

కోయి అనే రంగురంగుల అలంకార చేపలకు కొలను తవ్వుతుంటే, రెండడుగుల లోతు గుంట మన ఎండలకు మధ్యాహ్నానికే కాగిపోతుంది. లోతు నాలుగడుగులకన్నా తగ్గించొద్దు. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు అంటే సుమారు 6,800 లీటర్లు. చేపకు వెయ్యి లీటర్ల చొప్పున ఆరు చాలు. షాపులో వేలెడంత పిల్లలే రెండడుగులు పెరుగుతాయని మరిచి పాతిక తెచ్చేస్తుంటారు!

లైనర్‌కు, అంటే నీళ్లు ఇంకకుండా గుంటలో పరిచే షీటుకు, పొడవు, వెడల్పులకు చెరో రెండు లోతులు, అంచులకు ఇంకో రెండడుగులు కలపండి: 20×16 అడుగుల షీటు. కింద రాళ్లు, వేర్లు ఏరేసి రెండంగుళాల ఇసుక పరవాలి. అంచు నేలకన్నా ఆరంగుళాలు ఎత్తుండాలి, లేదంటే వాననీళ్లు మట్టినీ, మొక్కలకు కొట్టిన మందునీ లోపలికి మోసుకొస్తాయి. సిమెంటు తొట్టయితే సున్నం ఊరి పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 దాటొచ్చు. నింపి పారబోస్తూ 8.5 లోపు నిలబడేదాకా ఆగండి.

పంపు గంటకు 3,500 లీటర్లన్నా తిప్పాలి. డబ్బా మీద రాసింది నీళ్లు ఎత్తు ఎక్కనప్పటి లెక్క, ఫిల్టరు దాకా ఎక్కించేసరికి బాగా తగ్గుతుంది.

కొత్త కొలనులో చేపలు చచ్చేది ఎక్కువగా వాటి వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా వల్లే. దాన్ని నైట్రైటుగా, ఆపై నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట రెండు చేపలే వదిలి, మేత తక్కువ వేయండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించాకే మిగతావి. ఫిల్టరులోని స్పాంజిని మున్సిపల్ కుళాయి కింద కడిగితే క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపుతుంది. కొలను నీళ్లలోనే పిండాలి.

తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ తగ్గినట్టే, రాత్రంతా పాచి కూడా పీల్చేస్తుంది మరి. ఎయిర్ పంపును ఇన్వర్టర్‌కు కలిపి, వేసవిలో రాత్రిళ్లు అసలు ఆపొద్దు.