మిగతా సగం శ్రీకాకుళంలో ఉంది

మా ఊరు శ్రీకాకుళం నుంచి పొందూరు వెళ్ళే వైపు. ఇంట్లో ఎవరి చీర చిరిగినా అమ్మ పారేసేది కాదు. ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి ట్రంకుపెట్టె మీద పెట్టేది. ఐదారు చీరలు పోగయ్యాక ఒక మధ్యాహ్నం అరుగు మీద పొరలుగా పరిచి, అటు పక్కింటివాళ్ళనీ ఇటు పక్కింటివాళ్ళనీ పిలిచేది. నలుగురూ నాలుగు వైపులా కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ కుట్టేవారు. పొద్దు వాలేవేళకి మధ్యలో కలుసుకునేవారు. అలా తయారైన బొంతల మీదే నేను పుట్టి పెరిగాను. మా వైపు పురిటి బిడ్డని కొత్తగుడ్డలో పడుకోబెట్టరు. ఎన్నో ఉతుకులు తిన్న మెత్తటి పాతచీరే కావాలి.

ఇంటర్‌కి విజయనగరం హాస్టల్లో చేరినప్పుడు అమ్మ నాకొక బొంత చుట్టి ఇచ్చింది. మిగతా అమ్మాయిలవన్నీ షాపులో కొన్న దుప్పట్లు. నేను నా బొంతని పెట్టె అడుగున పెట్టేసి, చలికాలమంతా పల్చటి దుప్పటితోనే గడిపాను. ఈ మాట అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు మేముండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో. మా అమ్మాయికి పదకొండేళ్ళు, బాబుకి ఏడు. రెండేళ్ళ కిందట మా లైబ్రరీ గోడ మీద క్విల్టింగ్ గ్రూప్ (గుడ్డముక్కలు అతికి, పొరలుగా దుప్పట్లు కుట్టేవాళ్ళు) కాగితం చూసి, వెళ్దామని గొడవ పెట్టింది మా అమ్మాయే. నెలకో శనివారం పదిహేనుమంది దాకా వస్తారు, ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు. మొదటిరోజే నాకు ఇబ్బందిగా అనిపించింది. డెబ్భై ఏళ్ళ ఆవిడని మా అమ్మాయి పేరు పెట్టి పిలిచింది. కళ్ళతో సైగ చేశాను. ఆవిడే నవ్వి, పేరుతో పిలిస్తేనే నాకిష్టం అంది. ఆ సాయంత్రం కారులో ఈ విషయం మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇక్కడ పేరుతో పిలవడం ఆవిడకి మర్యాద, మన ఊళ్ళో వరస పెట్టి పిలవడం మర్యాద. రెండూ నేర్చుకోమన్నాను.

గ్రూపులో పనులు చాలా ఉంటాయి. ఆసుపత్రిలో ఉన్న పిల్లల కోసం ముప్ఫై ఆరు అంగుళాల చదరపు క్విల్టులు కుడతారు. అమెరికాలో 1995 నుంచి ప్రాజెక్ట్ లైనస్ అనే సంస్థ ఇలా చేత్తో చేసిన దుప్పట్లని కష్టంలో ఉన్న పిల్లలకి అందిస్తోంది. "ఆ పిల్లలెవరో మనకి తెలుస్తుందా?" అని మా అమ్మాయి అడిగింది. తెలియదన్నారు. ముక్కూమొహం తెలియని బిడ్డ కోసం మూడు నెలలు కూర్చుని కుట్టడం దానికి వింతగా తోచింది. నిజానికి నాకూ కొత్తే. మన బొంత ఎవరి మనవడి కిందకి వెళ్తుందో కుట్టే నలుగురికీ ముందే తెలిసి ఉండేది.

అందరికీ ఇష్టమైన పని రౌండ్ రాబిన్. ఒక్కొక్కరూ మధ్యముక్క ఒకటి కుట్టి సంచిలో పెట్టి పక్కవారికి ఇస్తారు. వాళ్ళు చుట్టూ ఒక అంచు కుట్టి తరవాతివారికి అందిస్తారు. ఆరునెలలకి మన ముక్క ఐదుగురి చేతులు తిరిగి మన ఇంటికి వస్తుంది. మా అమ్మాయి లాగ్ క్యాబిన్ నమూనా ఎంచుకుంది. మధ్యలో ఎర్ర చదరం, దాని చుట్టూ ఒకవైపు లేతరంగు పట్టీలు, ఒకవైపు ముదురురంగు పట్టీలు. ఆ ఎర్ర చదరం ఇంట్లో పొయ్యికి గుర్తు అని చెబుతారు. "అయితే అమ్మమ్మ చీరలోది పెడతాను" అంది. అమ్మ కట్టి కట్టి వెలిసిన ఎర్ర నేతచీర ఒకటి నా దగ్గరుంది. అంత పాతది అందరి ముందుకీ తీసుకెళ్ళడమా అనుకుని, దానికి తెలియకుండా, ఊరి నుంచి తెచ్చుకున్న కొత్త ఎర్ర బట్ట కోసి ఇచ్చాను.

మూడో ఆవిడ దగ్గర తడి ఇస్త్రీ తగలగానే ఆ ఎరుపు వదిలి, పక్కనున్న తెల్ల పట్టీల్లోకి పాకింది. ఆవిడ కుట్టిన పట్టీలు కూడా పాడయ్యాయి. మా అమ్మాయి ఏడ్చేసింది. అప్పుడు చెప్పక తప్పలేదు నాకు, అది అమ్మమ్మ చీర కాదని.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మ, "రంగుకోకని ముందు ఉప్పునీల్లలో నానబెట్టాలని నీకు తెల్దా?" అంది. ఉప్పు ఒక్కదాన్నీ నమ్ముకోవద్దని గ్రూపువాళ్ళు చెప్పారు. ముదురురంగు బట్టని విడిగా రెండుమూడుసార్లు ఉతికి, తడిపిన తెల్లగుడ్డతో రుద్ది, రంగు అంటనప్పుడే కొయ్యాలట. పాతచీర అయితే ఆ భయమే లేదు. వదలాల్సిన రంగు ఏనాడో నాగావళి నీళ్ళలో వదిలేసి ఉంటుంది.

తరవాతి నెల మా అమ్మాయి ఆ పాతచీరే తీసుకెళ్ళింది. బట్ట మరీ మెత్తబడి కత్తెరకి నిలవలేదు. స్ప్రే స్టార్చ్ కొట్టి ఆరబెట్టుకుని కొయ్యమని ఒకావిడ నేర్పించింది. "ఇది గంజేగా!" అంది మా అమ్మాయి. గంజి అంటే ఏమిటో, అన్నం వార్చిన నీళ్ళని మా ఇంట్లో బట్టలకి ఎందుకు పెడతారో వాళ్ళందరికీ తనే చెప్పింది. ఆదివారం తెలుగు క్లాసులో నాలుగు వాక్యాలు చెప్పడానికి నీళ్ళు నమిలే పిల్ల అది.

అదే రోజు ఇంకో సభ్యురాలు అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లె క్విల్టుల ఫొటోలు చూపించింది. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలంపని చేసి చిరిగిన ప్యాంట్లూ చొక్కాలూ కోసి, చలికి కప్పుకోవడానికి కుట్టుకున్నవి. 2002లో ఆ క్విల్టుల్ని న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకి వేలాడదీశారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. వంకర అతుకులు, వెలిసిన మోకాళ్ళ ముక్కలు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఇవి అమ్మమ్మ బొంతలే కదా" అంది. నాకు హాస్టల్ పెట్టె గుర్తొచ్చి నోట మాట రాలేదు.

ఈ వేసవిలో ఊరు వెళ్ళాం. విశాఖలో విమానం దిగి, రైల్లో ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి. అమ్మ అప్పటికే చీరలు తీసి ఉంచింది. మధ్యపొరకి నాన్న కట్టుకున్న పొందూరు ఖాదీ పంచె తీసింది. అది వద్దమ్మా దాచుకుందాం అన్నాను. "దాస్తే ఎలకలకి, కుడితే పిల్లలకి" అంది అమ్మ.

ఆ పంచె ఎలా పుట్టిందో పిల్లలకి చూపించాలని మర్నాడు పొందూరు తీసుకెళ్ళాను. అక్కడ పత్తిని శుభ్రం చెయ్యడానికి వాలుగ చేప దవడ వాడతారు. ఆ సన్నటి పళ్ళతో దూదిని దువ్వుతారు. అదయ్యాక ఏకి, ఏకులు చేసి, రాట్నం మీద సన్ననూలు తీస్తారు. మా బాబు చేప దవడ దగ్గర నుంచి కదల్లేదు. ఒహాయోలో క్విల్టు మధ్యలో పెట్టడానికి చుట్టలుగా అమ్మే దూదిపొర తప్ప, గింజతో ఉన్న పత్తిని వాళ్ళిద్దరూ అంతవరకూ చూడలేదు.

అరుగు మీద కూర్చోగానే మా అమ్మాయి స్కేలు తీసింది. క్విల్టుకి ముక్కలు అతికేటప్పుడు కుట్టు అంచుకి పావంగుళం దూరంలో ఉండాలి, లేకపోతే కొలతలు కుదరవు. బొంతకి కొలతే లేదు. అమ్మ చేత్తో నిమిరి, ఎక్కడ వదులుగా ఉంటే అక్కడ సూది దింపుతుంది. "అలక్కాదే గుంటా, సూదిని పడుకోబెట్టి నడిపించు. నిలబెడితే ఏలికి గుచ్చుకుంటాది" అంటూ దాని చెయ్యి పట్టుకుని చేయించింది. మా బాబు పని రెండుచోట్లా ఒకటే. పెద్దవాళ్ళ కళ్ళకి సూదిబెజ్జం కనిపించదు కాబట్టి, ఎనిమిదేసి సూదులకి దారం ఎక్కించి వరసగా గుచ్చి ఉంచుతాడు. అక్కడా ఇక్కడా వాడి కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు.

రెండోరోజు చూడ్డానికి వచ్చిన బంధువు ఒకావిడ, మా అమ్మాయి మాటలు విని, "దీని తెలుగు అతుకులబొంతలా ఉంది" అంది. నాకు చురుక్కుమంది. మా అమ్మాయి మాత్రం కుడుతున్న గుడ్డ వైపు చూసి, ఆవిడ మెచ్చుకుందనుకుని "థాంక్యూ అమ్మమ్మా" అంది. నేను అర్థం విడమర్చి చెప్పలేదు. ఇకముందూ చెప్పను.

మూడు వారాల్లో బొంత సగమే అయింది. వానలు పట్టుకున్నాయి, చుట్టాలు వచ్చారు, అరసవల్లి వెళ్ళాం. పైగా మా అమ్మాయి కుట్టింది రెండుసార్లు విప్పుకుంది. తిరుగుప్రయాణం ముందురోజు అమ్మ దాన్ని సూదితో సహా మడతపెట్టి ట్రంకుపెట్టెలో పెట్టింది. నువ్వే పూర్తిచేసి పంపించమ్మా అంటే తల అడ్డంగా ఊపింది.

ఒహాయో వచ్చాక గ్రూపులో ఎవరేం కుట్టారో చూపించే వంతు వచ్చింది. మా అమ్మాయి ఫోన్లో ఫొటో చూపించి, మిగతా సగం శ్రీకాకుళంలో ఉందని చెప్పింది. మరి దాన్ని ఎవరు పూర్తిచేస్తారని ఒకావిడ అడిగింది.

"ఎవులు కాళీగుంటే ఆలే" అంది, అచ్చం మా అమ్మలా. ఆ తరవాత గుర్తొచ్చి ఇంగ్లీషులో చెప్పింది.