నాయన చెప్పిన పంటలు, దొరకని లింకులు

ఆరేళ్లుగా ప్రతి ఆదివారం నాయనకు ఫోన్ చేసి, సేద్యం గురించి ఆయన చెప్పేవన్నీ టెక్స్ట్ ఫైళ్లలో రాసిపెట్టుకుంటున్నాను. ఒక్కో విషయానికి ఒక్కో ఫైలు. మధ్యలో ఇంకో విషయం వస్తే దాని పేరు జంట బ్రాకెట్లలో పెడతాను: [[నల్లరేగడి]], [[బీపీటీ 5204]] (వరి రకం). నోట్సు రాసుకునే యాప్ అబ్సిడియన్‌లో నొక్కితే ఆ ఫైలు తెరుచుకుంటుంది.

ఏ లింకు వెనక ఫైలు లేదో చూద్దామని పోయిన వారం పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాశాను. పేరు పట్టుకునే నమూనాగా, పాఠాల్లో చెప్పినట్టే బ్రాకెట్ల మధ్య బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ, పక్కన ప్లస్: మాటలో వచ్చే అక్షరం ఒకటో, ఎక్కువో అని అర్థం. 412 ఫైళ్లు గాలిస్తే దొరికిన పేర్లు మూడే: కడప, నవర, శనగ. నెల్లూరు లేదు, నల్లరేగడి లేదు. ఫైళ్లు పాడైపోయాయేమోనని ఒకటే టెన్షన్.

ఆ మూడూ పక్కపక్కన పెట్టి చూశాక తెలిసింది. వాటిలో గుణింతం లేదు, ఒత్తు లేదు, సున్నా లేదు. అన్నీ తలకట్టు అక్షరాలే. పైథాన్‌తో పాటు వచ్చే, నమూనాతో వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్‌లో ఆ డబ్ల్యూ అంటే అక్షరమో, అంకో, అండర్‌స్కోరో అయి ఉండాలి. మన ఎత్వం, కొమ్ము, పొల్లు, సున్నా యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, అక్షరాన్ని అంటిపెట్టుకునే గుర్తులు. అందుకే ‘నెల్లూరు’లో న దగ్గరే ఆగిపోయింది. జావాస్క్రిప్ట్‌లో ఇంకా అన్యాయం, ఆ డబ్ల్యూకి ఒక్క తెలుగు అక్షరమూ చిక్కదు.

దాంతో పేరులో ఏముండాలో చెప్పడం మానేసి, ఎక్కడ ఆగాలో చెప్పాను:

\[\[([^\]|#]+)

రెండు బ్రాకెట్లు తెరుచుకున్నాక మూసే బ్రాకెట్టు గానీ, నిలువు గీత గానీ, హ్యాష్ గానీ తగిలేదాకా ఉన్నదంతా పేరే. [[బీపీటీ 5204|సాంబ మసూరి]] అని రాస్తే అసలు ఫైలు పేరు గీతకు ముందున్నది. హ్యాష్ తర్వాత వచ్చేది ఫైలు లోపలి శీర్షిక. ఏ గుర్తయినా సరే అనే చుక్క, పక్కన ప్లస్ మాత్రం వాడకండి. ఒకే లైనులో రెండు లింకులుంటే రెంటినీ కలిపి ముద్దగా పట్టుకొస్తుంది.

1995లో వార్డ్ కనింగ్‌హామ్ పెట్టిన మొదటి వికీలో ఈ బ్రాకెట్లు లేవు. మాటలు కలిపేసి, ప్రతి మాట మొదట పెద్దక్షరం పెడితే అదే లింకు. పెద్దక్షరాలే లేని మన లిపికి జంట బ్రాకెట్లు ఎంత మేలు చేశాయో!

ఈసారి లింకులు వందల్లో వచ్చాయి. ఫైలు లేని పేర్లు 37. అందులో ‘మల్చింగ్’ ఉంది, ఆ ఫైలేమో కళ్లముందే ఉంది! గుర్తులు లెక్కపెట్టిస్తే లింకులో ఒకటి ఎక్కువ తేలింది. పొల్లు తర్వాత ఫోన్ కీబోర్డు కనపడని గుర్తొకటి, యూనికోడ్ 200సి, చేర్చేసింది. మాట మధ్యలో అది కావాల్సిందే, లేకపోతే ‘ఫేస్‌బుక్’లో స కింద బ ఒత్తు పడుతుంది. మాట చివర అక్కర్లేదు. అంచుల్లో ఖాళీలు తీసే స్ట్రిప్ వాడినా పోదు. పోల్చేముందు రెండువైపులా దాన్ని తీసేస్తే 18 పేర్లకు ఫైళ్లు దొరికాయి.

మిగిలిన 19 నిజంగానే లేనివి. నాయన మాటల్లో దొర్లితే బ్రాకెట్లు పెట్టి, తర్వాత అడుగుదాంలే అని వదిలేసినవి. పాతర. కపిల. మొలగొలుకులు. ఆ వడ్లు జేజినాయన వేసేవాడట, అంతవరకే రాసుకున్నాను. ఈ ఆదివారం ముందు దాని సంగతే అడగాలి.