ముక్కు మన వైపు తిరిగినప్పుడు: డ్రోన్ పరీక్షకు నేను సిద్ధమైన తీరు

డ్రోన్ తోక మన వైపు ఉన్నంతసేపూ ఎగరవేయడం తేలికే. రిమోట్ మీది స్టిక్ కుడికి నెడితే అది కుడికే వెళుతుంది. ముక్కు మన వైపు తిరిగిందంటే మాత్రం అంతా తారుమారవుతుంది, కుడికి నెడితే మన ఎడమకు పోతుంది. పరీక్షకు ముందు నేను చేసిన సాధనలో ఎక్కువ భాగం ఈ ఒక్క చిక్కుకే పట్టింది.

మాది మిరప సాగు. వీపున స్ప్రేయర్ మోసి మందు కొట్టిన రోజు రాత్రి నాన్న కళ్లు మండి నిద్రపోయేవారు కాదు. అందుకే డ్రోన్‌తో మందు కొట్టే పని నేర్చుకున్నాను. 2021 డ్రోన్ నిబంధనల్లో 2 కిలోలు దాటి 25 కిలోల వరకు ఉన్నవి చిన్న తరగతి కిందికి వస్తాయి. పొలాల్లో వాడే పది లీటర్ల డ్రోన్లు సాధారణంగా ఇందులోవే. వాటికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తప్పనిసరి. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండినవారు పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ అనుమతి ఉన్న సంస్థలో శిక్షణ పొంది, అక్కడే పరీక్ష రాయాలి, ఎగరేసి చూపాలి.

కంప్యూటర్‌లో డ్రోన్ ఎగరేసే సిమ్యులేటర్ మీద చతురస్రంగా, వృత్తంగా తిప్పడం త్వరగానే పట్టుబడింది. మైదానంలో జీపీఎస్ ఆపేసి ఎగరేయమన్నప్పుడు అసలు కష్టం తెలిసింది. జీపీఎస్ ఉంటే స్టిక్ వదిలినా డ్రోన్ ఉన్నచోటే నిలుస్తుంది. లేకపోతే ఎత్తు తగ్గదు కానీ, గాలి ఎటు తోస్తే అటు జారిపోతుంది. ముక్కు నా వైపు ఉండగా అది ఎడమకు జారింది. కంగారులో నేను స్టిక్ కుడికి నెట్టాను. ఇంకా వేగంగా ఎడమకే పోయింది. మా శిక్షకుడు తన రిమోట్‌తో అందుకుని దింపేశారు.

తర్వాత ఆయన చెప్పిన మాట ఇది: "పందిరి ఒరిగితే గుంజ ఎటు పెడతావమ్మా? ఒరిగిన వైపే కదా. డ్రోన్ నీకెదురుగా ఉంటే, అది ఒరిగిన వైపుకే స్టిక్ నెట్టు." కుడి ఎడమల లెక్క ఆ క్షణంతో తీరిపోయింది. ఆ సాయంత్రమే మేడ మీద సుద్దతో పెద్ద ఎనిమిది అంకె గీశాను. మా తమ్ముడు బొమ్మ డ్రోన్ పట్టుకుని ఆ గీత వెంట నడుస్తుంటే, నేను ఒకే చోట నిలబడి ఖాళీ రిమోట్ మీద వేళ్లు కదిపాను. చీకటి పడేదాకా అదే పని.

పరీక్ష ఉదయం పూట, గాలి లేవకముందే పెట్టారు. ఎగరేయడానికి ముందు చేసే తనిఖీలు పైకి చెప్పాలి: రెక్కల బిగింపు, బ్యాటరీ వోల్టేజీ, జీపీఎస్‌కు అందుతున్న ఉపగ్రహాల సంఖ్య, గాలి దిశ, చుట్టూ మనుషులు. కొత్తగా నేర్చుకునేవారు వీటిని తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి. సాధనలో ఒకసారి గాలి చూడకుండా లేపబోతే నన్ను మళ్లీ మొదటి నుంచి చెప్పించారు. ఎనిమిది ఆకారంలో ఎగరేయడం బాగా వచ్చింది. జీపీఎస్ లేకుండా ముక్కు నా వైపు తిప్పి నిలిపినప్పుడు డ్రోన్ ఒరిగింది, వేళ్లు వాటంతటవే అటు కదిలాయి.

పదేళ్లు చెల్లే సర్టిఫికెట్ వచ్చాక మొదటిసారి మా చేలో మందు కొట్టాను. నాన్న చూడాలని గట్టు మీదికి వచ్చారు. పిడికెడు దుమ్ము వదిలి గాలి ఎటు వీస్తోందో చూశాను. ఆయనను ఇవతలి గట్టుకు, మందు తుంపర రాని వైపుకు పిలిచి, అప్పుడు మోటార్లు ఆన్ చేశాను.